కొలువు కోరి వ్రాయు లేఖ



నేను ముప్పది నాలుగేండ్లు పాఠశాలలో తెలుగు చెప్పినవాడను. బాల్యమున గురువుల యొద్ద కావ్యములును, వ్యాకరణమును చదువుకొంటిని. పదవి విరమించి యింట కూర్చున్న పిదప నాకు దొరకిన పని యొక్కటి కలదు. మా యూరి పిల్లలు ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టుకొనునపుడు, దానితో పంపవలసిన ఉత్తరమును వ్రాయించుకొనుటకై నా యరుగు మీదికి వత్తురు. మీలో ననేకుల యిండ్లకును ఇట్లే వచ్చుచుందురని యెరుగుదును. అక్షరము తెలిసిన పెద్దవాని యరుగు పల్లెటూరిలో నొక చిన్న కచ్చేరి వంటిది గదా! కావున ఈ సాయంకాలము ఆ యుత్తరమును గూర్చియే మీతో నాలుగు మాటలు మనవి చేయుదును.

ముందుగా నొక సంగతి. ప్రభుత్వపు కొలువులకు నేడు చాలవరకు ఈ లేఖతో పని లేదు. పబ్లిక్ సర్వీసు కమీషనువారు ప్రకటన చేయుదురు. వారు చూపిన గళ్లను కంప్యూటరులో పూరించి పరీక్ష వ్రాయవలయును. అచట వాక్చాతుర్యమునకు చోటు లేదు. కాని మిల్లులు, దుకాణములు, ఆసుపత్రులు, ప్రైవేటు పాఠశాలలు, పట్టణములలోని కార్యాలయములు మున్నగువానిలో పని కోరువారు బయోడేటా యను అర్హతల పట్టికను పంపుదురు. ఆ పట్టికకు ముందు ఒక పుటకు మించని యుత్తరము ఉండును. ‘ఏమి చదివితిని, ఎప్పుడు చదివితిని’ అని పట్టిక చెప్పును. ‘మీ పనికి నేనెట్లు అక్కరకు వత్తును’ అని ఉత్తరము చెప్పవలయును. ఈ భేదము తెలియకపోవుటచేత నేనొకప్పుడు ఒక పిల్లవానికి అపకారము చేసితిని. ఆ కథ మొదట చెప్పెదను.

1993వ సంవత్సరమున నా శిష్యుడొకడు ఇంటర్మీడియటు ప్యాసయి యింట నుండెను. తండ్రి లేడు. తల్లి కూలికి పోవును. సమీప పట్టణమున నొక ధాన్యపు మిల్లులో లెక్కల గుమాస్తా పని ఖాళీగా నున్నదని విని వాడు నాయొద్దకు వచ్చి, “మాస్టారూ, ఉత్తరము మీరే వ్రాసిపెట్టవలెను” అనెను. నేను సంతోషముతో కూర్చుంటిని. నా పాండిత్యమంతయు వెచ్చించితిని. మిల్లు యజమానిని కల్పవృక్ష మంటిని. ఆశ్రితులపాలిటి కామధేను వంటిని. బాలుడు పితృహీను డనియు, తల్లి రోగపీడిత యనియు, సెంటు భూమి యైనను లేదనియు, ఈ కొలువు దొరకనిచో ఆ యింట పొయ్యి వెలుగదనియు వర్ణించి రెండు పుటలు నింపితిని. చదివి వినిపించినపుడు ఆ తల్లి కన్నీరు పెట్టుకొనెను. నా రచన ఫలించినదని నేను లోలోన మురిసితిని.

జవాబు రాలేదు. ఒక నెల గడచెను. రెండు నెలలు గడచెను. ఆ కొలువు మరియొకనికి పోయినదని తెలిసెను. పిదప నొక పెండ్లిలో ఆ మిల్లు లెక్కలు చూచు పెద్దమనిషి నా పంక్తిని భోజనమునకు కూర్చుండెను. ఉత్తరము నాదని ఆయన యెరుగడు. మాటల సందర్భమున ఇట్లనెను: “మీ యూరినుండి యొక దరఖాస్తు వచ్చినదండీ. చదివి జాలిపడితిమి. ఏమైన సాయము పంపుదుమా యని కూడ అనుకొంటిమి. కాని ఆ కుర్రవానికి కూడికలు వచ్చునో రావో రెండు పుటలలో నొక్క ముక్క లేదు. మాకు కావలసినది చిట్టా వ్రాయువాడు గదా!”

విస్తరిలోని యన్నము నాకు గొంతు దిగలేదు. ఏలయన, ఆ పిల్లవాడు రెండేండ్లు మేనమామ కిరాణా దుకాణములో సాయంకాలములందు పద్దులు వ్రాసినవాడట. నూటికి పైబడిన అరువు ఖాతాలు వాని చేతి మీదుగ నడచినవట. సంవత్సరాంతమున లెక్క చూడగా పైసా తేడా రాలేదని ఆ మేనమామ పదిమందితో చెప్పుకొనెడివాడట. ఇదంతయు నేను తరువాత వినిన సంగతి. ముందే యేల తెలియలేదు? నేను వానిని అడుగలేదు గనుక. వాని పేదరికము నా కంటికి కనబడెను. వాని పనితనము కనబడలేదు. కనబడినదానినే వ్రాసితిని. ఫలముగా వాడు రెండేండ్లు ఇటుక బట్టీలో కూలికి పోయెను. నేటికిని ఇటుకల బండి మా వీథిని పోవుచుండగా నాకు ఆ యుత్తరము జ్ఞప్తికి వచ్చును.

పెద్దలారా, కొలువు కోరువాడు ఎట్లు మాటాడవలయునో మనకు క్రొత్తగ నెవ్వరును చెప్పనక్కరలేదు. తిక్కన సోమయాజి విరాటపర్వమును మీరందరును వినియే యుందురు. వానల కొరకు విరాటపర్వము చదివించు ఆచారము మన పల్లెలలో నుండెను గదా! అందు పాండవులు విరటుని కొలువునకు ఒక్కొక్కరుగ వచ్చిన ఘట్టమును తలచుకొనుడు. రాజ్యము పోయినవారు, పండ్రెండేండ్లు అడవుల పాలయినవారు, నిండుసభలో భార్యకు పరాభవము జరుగగా చూచినవారు. చెప్పుకొనదలచినచో వారికంటె కష్టములు గలవారెవ్వరు? అయినను విరటుని యెదుట ఆ కష్టముల జాబితా నెవ్వరును విప్పలేదు. భీముడు వలలుడను పేర వచ్చి తాను వంటవాడ ననెను. నకులుడు గుఱ్ఱముల స్వభావమును, వాని శిక్షణమును, చికిత్సను ఎరుగుదు ననెను. సహదేవుడు ఆలమందలను కాపాడు నేర్పును చెప్పుకొనెను. రాజు గృహమున వంటసాల కలదు, గుఱ్ఱపుసాల కలదు, ఆలమంద కలదు. ఏ లోటు ఎచ్చట నుండునో చూచి, ఆ లోటునకు తన నేర్పును ముడివేసి ప్రతివాడును మాటాడెను. మునుపు ధర్మరాజు కొలువున పనిచేసితి మని చెప్పి తమ యనుభవమునకు ఆధారమును చూపిరి.

వారు మారుపేర్లు పెట్టుకొనిరి గదా, అసత్య మాడవచ్చునా యని మీలో నెవ్వరైన అడుగవచ్చును. అది అజ్ఞాతవాస నియమముచేత వచ్చిన కట్టడి. మనకు దాని యవసరము లేదు. ఒకటి మాత్రము గమనింపుడు. పేరు మార్చిరే గాని, పనిని గూర్చి వారు బొంకలేదు. వంట వచ్చినవాడే వంట వచ్చుననెను. గుఱ్ఱముల నెరిగినవాడే గుఱ్ఱముల మాట చెప్పెను.

ఇది పురాణము. చరిత్రలో జరిగిన యొక లేఖను గూర్చి ఇపుడు చెప్పెదను. గణితశాస్త్రమున జగత్ప్రసిద్ధుడైన శ్రీనివాస రామానుజన్ నామమును మీరు వినియుందురు. ఆయన 1887 డిసెంబరు 22వ తేదీన ఈరోడులో జన్మించెను. లెక్కలు తప్ప మరియొకటి పట్టక ఎఫ్.ఏ. పరీక్ష తప్పెను, ఒకసారి కాదు, మరల మరల తప్పెను. చేత పట్టా లేదు. వివాహ మయినది. జీవనము గడుపవలసి వచ్చినది. అట్టి స్థితిలో మదరాసు పోర్టుట్రస్టు కార్యాలయమున గుమాస్తా పని ఖాళీ యున్నదని తెలిసి, 1912 ఫిబ్రవరి 9వ తేదీన అచటి ముఖ్య లెక్కల అధికారికి ఇంగ్లీషున నొక దరఖాస్తు వ్రాసెను.

ఆ దరఖాస్తు బహు చిన్నది. అందలి సారమును నా మాటలలో చెప్పెదను. మొదట, తమ కార్యాలయమున గుమాస్తా పని ఖాళీగా నున్నదని వింటిని, దానిని కోరుచున్నాను అని. పిదప, మెట్రిక్యులేషను ప్యాసయితిని, ఎఫ్.ఏ. వరకు చదివితిని, ప్రతికూల పరిస్థితులచేత ఆపై సాగలేదు అని. తరువాత, అయినను నా కాలమునంతయు గణితమునకే వినియోగించి దాని నభివృద్ధి చేసికొనుచున్నాను అని. కడపట, పని యిచ్చినచో దానికి న్యాయము చేయగలనను నమ్మకము నాకు కలదు అని. ఇంతియే. పరీక్ష తప్పినదానికి విలపింపలేదు. మెట్రిక్యులేషనుకు మించిన పట్టా తనకు కలదని నమ్మింపజూడలేదు. ఏల ఆగినదో నాలుగు మాటలలో చెప్పి, ఆగిన కాలమున ఏమి చేయుచుంటినో వెంటనే చెప్పెను. కార్యాలయమువారికి కావలసినది లెక్కల మనిషి. తన జీవితములో లెక్కలకు సంబంధించినదానినే వారి ముందర పెట్టెను.

ఆ లేఖ వెంట ప్రెసిడెన్సీ కళాశాలలో గణితాచార్యుడైన మిడిల్‌మాస్టు దొర వ్రాసిన సిఫారసు కూడ పోయినది. దానిని పెద్దలైన మనము ప్రత్యేకించి గమనింపవలయును. ఆయన, ఈ యువకుడు గణితమున అసాధారణ శక్తి గలవాడు, గణనయందు సహజమైన నేర్పు గలవాడు, అంకెల పని బహు వేగముగ చేయును అని తెలిపెను. చూచితిరా! గుమాస్తా పనికి కావలసినది అంకెల వేగము. ఆచార్యుడు దానినే సాక్ష్యము చెప్పెను. మంచి కుటుంబమువాడనియు, వినయవంతుడనియు చెప్పి ఊరకొనలేదు.

ఆ లేఖ యొక్కటియే ఆయనకు కొలువు తెచ్చినదని నేను చెప్పను. అట్లు చెప్పుట న్యాయము కాదు. నెల్లూరు కలెక్టరుగా నుండిన రామచంద్రరావుగారు అంతకుముందే రామానుజన్ వ్రాతపుస్తకమును చూచి, ఆయన శక్తిని గుర్తించి, కొంతకాలము తన సొంత ధనముతో పోషించిరి. పోర్టుట్రస్టు పని విషయమునను తోడ్పడిరి. అయితే వారు తోడ్పడినది ఎందుచేత? పుస్తకమును తెరచి చూచినందుచేత. తెలిసి చెప్పిన మాటకు బలముండును. 1912 మార్చి 1వ తేదీన రామానుజన్ నెలకు ముప్పది రూపాయల జీతముపై పనిలో చేరెను. మరుసటి సంవత్సరము జనవరిలో, పోర్టుట్రస్టు గుమాస్తానని తన్ను పరిచయము చేసికొనుచు, కేంబ్రిడ్జిలోని హార్డీ పండితునికి లేఖ వ్రాసెను. 1914లో ఇంగ్లండు వెళ్లెను. తక్కిన కథ లోకమునకు తెలియును.

విరటుని కొలువునందును, మదరాసు రేవునందును మనకు కనబడు ధర్మ మొక్కటియే. తనకు గల యవసరమును గాక, ఎదుటివానికి గల యవసరమును ముందుంచుకొని, దానికి తగినట్లు తాను నిజముగ చేసిన యొక పనిని చూపవలయును. దరఖాస్తునకు ప్రాణము ఇదియే.

ఇక మన యరుగు మీదికి వచ్చిన పిల్లవానికి గాని, ఆడపిల్లకు గాని మనము చేయవలసిన దేమి? వెంటనే కలము పట్టుకొనకుడు. ముందు ప్రశ్నలడుగుడు. ఈ పని యెవరిది, వారు చేయు వ్యాపార మేమి, ఈ పనివానిచే వారు రోజంతయు ఏమి చేయింతురు అని మొదట నడుగుడు. అటువంటి పని నీవెప్పుడైన చేసితివా, ఎచ్చట, ఎన్నాళ్లు, ఎంత లెక్కలో, ఎవరు చూచిరి అని పిదప నడుగుడు. పిల్లలు మొదట ‘ఏమియు చేయలేదండి’ అందురు. నమ్మకుడు. జీతము తీసికొననిది పని కాదని వారనుకొందురు. పొలమునకు నీళ్లు పెట్టిన మోటారు బాగుచేసినవాడుండును. పాల కేంద్రములో వెన్న శాతము చూచి పద్దు వ్రాసినవాడుండును. చిన్నపిల్లలకు సాయంకాలము చదువు చెప్పిన బాలిక యుండును. త్రవ్వినచో నీరు పడును.

కొన్నాళ్ల క్రిందట మా వీథిలోని యొక యమ్మాయి విత్తనముల దుకాణమున లెక్కల పనికై ఇట్లే వచ్చెను. నేను వ్రాయలేదు, అడిగితిని. గంటసేపు మాటాడిన పిదప ఆమెయే వ్రాసికొనెను. ఆమె యనుమతితో చదివెదను. ఇది వాడుక మాటలలో నున్నది. గ్రాంథికము నాకు ప్రాణము. కాని అది పండుగనాటి పట్టుబట్ట; దుకాణములో మూటలెత్తునపుడు ముతకబట్టయే కట్టవలయును.

“అయ్యా, మీ దుకాణంలో లెక్కలు చూసే పని ఖాళీగా ఉందని దుకాణం ముందు పెట్టిన ప్రకటనలో చదివాను. ఆ పనికి దరఖాస్తు పెట్టుకుంటున్నాను.

మా ఊరి మహిళా పొదుపు సంఘానికి మూడేళ్లుగా పుస్తకాలు రాస్తున్నాను. పన్నెండుమంది సభ్యుల పొదుపు, అప్పులు, వాయిదాలు నెలనెలా నేనే లెక్కకట్టి బ్యాంకు పుస్తకంతో సరిచూస్తాను. తొలకరికి మీ దగ్గర అరువు ఖాతాలు పెరుగుతాయని తెలుసు. మనిషి మనిషికీ విడిగా ఖాతా రాసి నిలవ తేల్చడం నాకు అలవాటైన పని.

బీకాం చదువుతుండగా మా అమ్మకు జబ్బు చేసి ఒక సంవత్సరం చదువు ఆగింది. తరువాత పూర్తిచేశాను. కంప్యూటరులో పట్టికలు వేసి లెక్కకట్టగలను. టాలీ ఇంకా నేర్చుకుంటున్నాను.

బయోడేటా జతచేశాను. మీరు పిలిచిన రోజున వచ్చి, మీరిచ్చిన లెక్క చేసి చూపిస్తాను.”

ఇంతియే యుత్తరము. మొదటి రెండు వాక్యములలో ఏ పని, ఎట్లు తెలిసినది అను సంగతి తేలిపోయినది. ఉత్తరములు కట్టలుగా వచ్చుచోట చదువువాడు మొదట వెదకునది దానినే. రెండవ భాగమున పన్నెండుమంది, మూడేండ్లు అను అంకె లున్నవి. ‘నేను కష్టపడి పనిచేయుదును’ అని యెవ్వడైన వ్రాయగలడు. పన్నెండుమంది పద్దును మూడేండ్లు వ్రాసితినని వ్రాసినవారే వ్రాయగలరు. మూడవ భాగమున ఆగిన సంవత్సరమును దాచలేదు. దాచినచో పట్టికలో ఆ ఖాళీ కనబడనే కనబడును, అనుమానము పుట్టును. టాలీ రాదని యొప్పుకొనుటచేత వచ్చునన్నవానికి విలువ పెరిగినది. చివర ‘దయచూడుడు’ అని వేడక, ‘పరీక్షింపుడు’ అని కోరినది. దైన్యము లేదు, గర్వమును లేదు.

చిన్న విషయములు మరికొన్ని కలవు. సంస్థ పేరును, వ్రాయు వారి పేరును తప్పులేకుండ వ్రాయవలయును. ఒక మిల్లునకు వ్రాసిన యుత్తరమును పేరు మార్చుట మరచి మరియొక మిల్లునకు పంపినవారిని నేనెరుగుదును. సర్టిఫికెట్ల నకళ్లనే పంపవలయును గాని అసలు ప్రతులను పంపరాదు. ఈ-మెయిలు పంపునపుడు విషయము వ్రాయు చోట కోరిన పని పేరును, తన పేరును ఉండవలయును. ఆ చోటును ఖాళీగా విడువరాదు. ఫోను నంబరును రెండుమార్లు సరిచూడవలయును. ఇంగ్లీషులో వ్రాయవలసి వచ్చినచో ముందు తెలుగులో ఆలోచించి చిన్న వాక్యములుగ కూర్చుకొని, పిదప ఇంగ్లీషు తెలిసినవారిచే దిద్దించుకొనవలయును. పెద్ద మాటలకొరకు నిఘంటువు వెదకనక్కరలేదు. కొలువు నిచ్చుటకు ముందుగ రుసుము కట్టుమని యెవ్వరైన అడిగినచో, అచటితో ఆ వ్యవహారమును విడిచిపెట్టవలయును.

ఇపుడు చేతిలోని ఫోనును అడిగినంతనే ఉత్తరము వ్రాసియిచ్చు యంత్రములు వచ్చినవి. మీ మనుమలు చూపించియే యుందురు. వానిని నేను నిందింపను. అక్షరదోషములు దిద్దుటకు, ఇంగ్లీషు సవరించుటకు అవి యుపకరించును. కాని చెప్పనిదే వానికి ఆ పిల్ల పొదుపు సంఘము సంగతి యెట్లు తెలియును? అడుగక వ్రాసినచో యంత్రమైనను, ముప్పది నాలుగేండ్ల పంతులైనను చేయు తప్పు ఒక్కటియే. నున్నని మాటలు వచ్చును. మనిషి మాత్రము అందు కనబడడు.

చివర నొక మాట. మనలను యోగ్యతాపత్రము అడుగుదురు. ‘ఇతడు మా యూరివాడు, సత్ప్రవర్తన గలవాడు’ అని పదిమందికి పది పత్రములు ఒకే రీతిని వ్రాసి యిచ్చుట మనకు అలవాటు. అట్టి పత్రము వరికుప్పలోని పొల్లు వంటిది. తూర్పార బట్టగానే యెగిరిపోవును. చూచినదానిని మాత్రమే వ్రాయుడు. ‘ఈ యమ్మాయి మా సంఘపు పుస్తకము వ్రాయుచుండగా మూడేండ్లు చూచితిని; లెక్కలో వివాదము రాలేదు’ అన్న యొక్క వాక్యము చాలును. చూడనిచో, చూచినవారి యొద్దకు పంపుడు. బంధువని వ్రాయకుడు, మొగమాటమునకు వ్రాయకుడు. ఒక్క అసత్యపత్రము చేత మీ సంతకమునకు విలువ పోవును. తరువాత వచ్చు యోగ్యుడు దానివలన నష్టపోవును.

ఇటుక బట్టీకి పోయిన నా శిష్యుని సంగతి చెప్పి ముగించెదను. 1995లో మరియొక పట్టణమున ఎరువుల దుకాణములో పద్దులు వ్రాయు పని పడినది. వాడు నాయొద్దకు వచ్చి, “మాస్టారూ, ఈసారి నేనే వ్రాసితిని. తప్పులున్నచో చూడుడు” అని కాగితము నా చేతిలో పెట్టెను. ఎనిమిది వాక్యములు. మేనమామ దుకాణము, నూటికి పైబడిన ఖాతాలు, తేడా రాని నిలవ, అన్నియు నందున్నవి. తల్లి రోగపు మాట లేదు. ఇటుక బట్టీ మాట మాత్రము కలదు: అచట వారము వారము కూలీల హాజరు పట్టీ కూడ తానే వ్రాసితినని. నేను రెండు అక్షరదోషములు దిద్ది కాగితమును తిరిగి యిచ్చితిని. పదియవ దినమున వానికి పిలుపు వచ్చెను.

పిల్లలకు నేర్పినవాడనని నేనెంతకాలమో అనుకొంటిని. ఈ యొక్క పాఠము మాత్రము నేను వానియొద్ద నేర్చుకొంటిని. రేపు మీ యరుగు మీదికి ఎవ్వరైన వచ్చినచో కలమును మీరు పట్టుకొనకుడు. దానిని వారి చేతికిచ్చి, ప్రశ్నను మీరు పట్టుకొనుడు.

సెలవు.